ఐదో బిల్లు: మైనస్ 45,283

2024 ఫిబ్రవరి నెలాఖరున నా ఐదో ఆర్‌ఏ బిల్లు, అంటే పని నడుస్తుండగా పెట్టే రన్నింగ్ అకౌంట్ బిల్లు, సర్టిఫై అయి వచ్చింది. చివరి గడిలో బ్రాకెట్ల మధ్య 45,283 అని ఉంది. బ్రాకెట్లు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. సంక్రాంతికి మనుషులు ఊరెళ్ళిపోయి ఆ నెల పని తక్కువే జరిగింది, ఈమాత్రమైనా వస్తోంది కదా అనుకున్నాను. బిల్లింగ్ సెక్షన్లో కుర్రాణ్ని అడిగితే కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా చెప్పాడు.

"అది మైనస్ అన్నా. మీరే కంపెనీకి కట్టాలి."

అప్పుడు పదో అంతస్తులో నా మనుషులు ఇరవై రెండు మంది గోడలకి సిమెంటు కొడుతున్నారు. అడ్డా మీద దొరికిన వాళ్ళు కారు, అందరూ మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళే. పై ఆదివారం వాళ్ళకి బట్వాడా చెయ్యాలి.

మాది శ్రీకాకుళం జిల్లా. 2006లో మావయ్య గ్యాంగ్‌లో తాపీ పనికి హైదరాబాద్ వచ్చాను. పదిహేడేళ్ళు నాకు తెలిసిన లెక్క ఒకటే: సోమవారం నుంచి శనివారం దాకా పని, ఆదివారం పొద్దున డబ్బులు. పెద్ద మేస్త్రీకి ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, ఎన్నాళ్ళకి వస్తుందో ఎప్పుడూ అడగలేదు. 2023 జూన్‌లో మొదటిసారి నా పేరు మీద వర్క్ ఆర్డర్ వచ్చాక అది తెలిసింది.

పని నార్సింగి వైపు. స్టిల్ట్ (కింది పార్కింగ్) మీద 14 అంతస్తులు, అంతస్తుకి 6 ఫ్లాట్లు, మొత్తం 84. లోపలి ప్లాస్టరింగ్ అంతా నాదే. సిమెంటు, ఇసుక కంపెనీవి, మనుషులు, పరంజా, సామాన్లు నావి. రేటు చదరపు మీటరుకి 220 రూపాయలు, అంటే అడుగుకి ఇరవై రూపాయల చిల్లర. ఇప్పుడు పెద్ద టవర్లు చాలావరకు మైవాన్ షట్టర్లతో, అంటే అల్యూమినియం అచ్చులు పెట్టి గోడలతో సహా కాంక్రీటుతో పోసేస్తున్నారు, వాటి గోడలకి ప్లాస్టరింగే ఉండదు, నేరుగా పుట్టీ. అందుకే ఇలా కాలమ్, బీమ్ వేసి బ్లాక్ గోడ కట్టే బిల్డింగ్ దొరికితే మావాళ్ళకి పండగే. వర్క్ ఆర్డర్ 14 పేజీలు, అంతా ఇంగ్లీషు. నేను చదివింది రెండే చోట్ల, రేటు ఉన్న చోట, మొత్తం ఉన్న చోట. అన్ని పేజీల మీదా సంతకం మాత్రం పెట్టాను.

ఆగస్టు 25న మొదటి బిల్లు ఇచ్చాను. రెండు అంతస్తులు, 12 ఫ్లాట్లు. నేనూ మా బామ్మర్దీ టేపు పెట్టి గది గదీ కొలుచుకున్నాం. ఫ్లాటుకి 402 చదరపు మీటర్లు తేలింది. పన్నెండిటికి 4,824. రేటు వేస్తే 10,61,280. అదే మొత్తానికి జీఎస్టీతో సహా ట్యాక్స్ ఇన్వాయిస్ కొట్టించి ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. ఇక నెలకి పది లక్షల బిల్లు అని ఆ రాత్రి ఇంట్లో చెప్పాను కూడా.

ఆ కాయితం పేరు నేను బిల్లు అనుకున్నాను. వాళ్ళ దృష్టిలో అది క్లెయిమ్. డబ్బు వచ్చేది దాని మీద కాదు, వాళ్ళు తిరిగి రాసే సర్టిఫికెట్ మీద. సైట్లో దాన్ని ఐపీసీ అంటారు, ఇంటెరిమ్ పేమెంట్ సర్టిఫికెట్. "మీ ఐపీసీ ఇంకా అవ్వలేదు" అని మొదటిసారి విన్నప్పుడు నాకు పోలీస్ స్టేషనే గుర్తొచ్చింది. ముందు సైట్ ఇంజనీరు పని అయిందని రాయాలి. క్వాలిటీ వాళ్ళు వచ్చి తూకం, మూలమట్టం చూసి, ఇనుప కడ్డీతో గోడంతా తట్టి ఎక్కడా డొల్ల పలకడం లేదని టిక్కు పెట్టాలి. బిల్లింగ్ ఇంజనీరు కొలవాలి. ప్రాజెక్ట్ మేనేజర్ సంతకం. తర్వాత హెడ్డాఫీసు, ఆ పైన అకౌంట్స్. ఇందులో ఎవరు సెలవు పెట్టినా బిల్లు అక్కడే పడుకుంటుంది.

కొలతలకి వచ్చిన బిల్లింగ్ కుర్రాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. నేను వాణ్ని సార్ అనేవాణ్ని, వాడు నన్ను అన్నా అనేవాడు. చేతిలో లేజర్ మీటరు. రెండో అంతస్తులో క్యూరింగ్ నీళ్ళు ఇంకా నేల మీద నిలిచే ఉన్నాయి, ఫోన్ లైటు వేసుకుని ఒక్కో గోడా కొలిచాం. గోడల దగ్గర మాకు పేచీ రాలేదు. తలుపుల దగ్గర వచ్చింది.

బెడ్‌రూమ్ తలుపు 0.9 వెడల్పు, 2.1 ఎత్తు. అంటే 1.89 చదరపు మీటర్ల ఖాళీ. నేను ఆ ఖాళీని అసలు తీసెయ్యలేదు. పైగా తలుపు చుట్టూ లోపలి అంచులు చేశాం కదా, జాంబులు, వాటినీ కలిపి రాశాను. మా గ్యాంగుల్లో లెక్క అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ అంచు లైను తియ్యడానికే సగం పూట పోతుంది. కుర్రాడేమో గోడకి రెండు వైపులా ఖాళీ తీసేసి 3.78 కొట్టేశాడు. అర గంట వాదించుకున్నాం. చివరికి వాడే ఫోన్‌లో ఏదో తెరిచి చదివాడు. చదివి నవ్వాడు.

"అన్నా, ఇద్దరమూ తప్పే."

వర్క్ ఆర్డర్ తొమ్మిదో పేజీలో ఒక్క లైను ఉంది: కొలతలు ఐఎస్ 1200 ప్రకారం. బిల్డింగ్ పనులు ఎలా కొలవాలో చెప్పే ఇండియన్ స్టాండర్డ్ అది. అందులో పన్నెండో భాగం ప్లాస్టరింగ్‌ది. ఖాళీ అర చదరపు మీటరు లోపుంటే ఏమీ తియ్యకూడదు. అర నుంచి 3 చదరపు మీటర్ల మధ్య ఉండి, గోడకి రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ అయితే ఒక వైపు మాత్రమే తియ్యాలి, జాంబులకి విడిగా ఇవ్వరు. 3 దాటితే రెండు వైపులా తీసేసి, జాంబులు కొలిచి ఇవ్వాలి. అంటే తియ్యకుండా వదిలిన రెండో వైపే జాంబుల కూలి అన్నమాట. పదిహేడేళ్ళు తాపీ పట్టాను, ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు.

ఆ లెక్కన మళ్ళీ వేస్తే ఫ్లాటుకి 385 తేలింది. నాకు 17 తగ్గింది, వాడు మొదట వేసిన దానికంటే పది పైచిలుకు పెరిగింది. కొలతల పుస్తకంలో ఇద్దరం సంతకం పెట్టాం. "ఫోటో తీస్కో అన్నా" అన్నాడు. ఏదో మాటవరసకి తీశాను. ఆ ఫోటో తర్వాత నాకు దాదాపు లక్ష రూపాయలు తెచ్చిపెట్టింది.

సర్టిఫికెట్ వచ్చింది. 12 ఫ్లాట్లు, 4,620 చదరపు మీటర్లు, 10,16,400. దాని కింద "స్టేజ్ 80 శాతం" అని 8,13,120. ప్లాస్టరింగ్ కొట్టగానే 80, క్యూరింగ్ అయి క్వాలిటీ చెక్ దాటాక 10, ఎలక్ట్రికల్ బాక్సుల చుట్టూ ప్యాచులు పూర్తి చేసి పెయింటర్‌కి గోడ అప్పగించాక మిగతా 10. ఇదీ వర్క్ ఆర్డర్లోనే ఉంది. అందులోంచి రిటెన్షన్, అంటే పనికి హామీగా వాళ్ళు ఆపుకునే డబ్బు, 5 శాతం, 40,656. టీడీఎస్ 1 శాతం, 8,131. నాకు మొదట్లో ఇచ్చిన 3 లక్షల అడ్వాన్సులో రికవరీ కింద బిల్లులో 10 శాతం, 81,312. చేతికొచ్చేది 6,83,021. అది కూడా అక్టోబరు 11న, బిల్లు ఇచ్చిన 47వ రోజున.

తాపీ మేస్త్రీకి రోజుకి 1,000, హెల్పర్లకి 700 పైన. ఆ రెండు అంతస్తుల కూలే ఏడున్నర లక్షలు. బిల్లు కోసం చూస్తూ పని ఆపలేం, ఆపితే మనుషులు పక్క సైటుకి పోతారు. డబ్బు వచ్చే రోజుకి మొత్తం 16 లక్షల దాకా కూలి అయింది. అడ్వాన్సు 3 లక్షలు పోగా మిగతాది ఎలా నెట్టుకొచ్చానంటే, ఒక చీటీ పాడాను, మా ఆవిడ గొలుసూ గాజులూ తాకట్టు పెట్టాను. అయినా చాలలేదు. మనుషులకి వారానికి సగమే ఇచ్చి మిగతాది ఖాతాలో రాశాను. "ఏటి మావా, ఈ వారం కూడా సగమేనా?" అని మా పెదనాన్న మనవడు అడిగితే వాడి మొహం చూడలేక సిగరెట్ కోసం కిందికి దిగిపోయాను. బిల్డింగ్ కట్టే పెద్ద కంపెనీ నెలన్నర ఆలస్యం చేస్తే, ఆ నెలన్నర వడ్డీ లేని అప్పు ఇచ్చింది ఎవరంటే రోజుకి 700 తీసుకునే హెల్పరు.

దానికి తోడు జీఎస్టీ. నేను ముందే 10,61,280కి ట్యాక్స్ ఇన్వాయిస్ కొట్టేశాను కదా, దాని మీద 18 శాతం, 1,91,030, సెప్టెంబరు 20 లోపు కట్టెయ్యాలి అన్నాడు మా ఆడిటర్. డబ్బు రాలేదు కదా సార్ అంటే, గవర్నమెంటుకి దాంతో పని లేదన్నాడు. కట్టాను. తర్వాత సర్టిఫై అయిన మొత్తానికీ నా ఇన్వాయిస్‌కీ తేడా 2,48,160కి క్రెడిట్ నోట్ ఇచ్చి సరి చేసుకోవాల్సి వచ్చింది. రెండో బిల్లు నుంచి ముందు ప్రొఫార్మా, అంటే ఇంకా పన్ను పడని ముందస్తు బిల్లు, ఇవ్వడం, సర్టిఫై అయ్యాక ఆ అంకెకే ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వడం. ఈ ఒక్క సలహా ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ గాజులైనా ఇంట్లో ఉండేవి.

రెండు, మూడు, నాలుగు బిల్లులు పెద్ద గొడవ లేకుండా నడిచాయి. ఆలస్యం మామూలే. డిసెంబరుకి 51 ఫ్లాట్లు అయ్యాయి, అడ్వాన్సు తీరిపోయింది. ఆడిటర్ పట్టుబట్టి ఆ నెలలోనే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించాడు, చిన్న వ్యాపారాలకి గవర్నమెంటు ఇచ్చే నమోదు అది. పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే చాలు. దేనికి పనికొస్తుందో అప్పటికి నాకు తెలీదు.

ఇక ఆ ఐదో బిల్లు.

జనవరిలో మావాళ్ళు మూడు వారాలు ఊళ్ళోనే ఉండిపోయారు. వచ్చాక చేసింది మూడు ఫ్లాట్లు. దానికి 80 శాతం లెక్కన 2,03,280 రావాలి. హెడ్డాఫీసు నుంచి ఆడిట్ టీము వచ్చి పాత కొలతలన్నీ తిరగేసింది. వాళ్ళ ఎక్సెల్ ఫార్మాట్‌లో తలుపుల ఖాళీ రెండు వైపులా పోతుంది. ఫ్లాటుకి మూడు బెడ్‌రూమ్ తలుపులు, మూడు బాత్‌రూమ్ తలుపులు. ఆరింటికీ రెండో వైపు కూడా తీసేస్తే ఫ్లాటుకి 10.395 చదరపు మీటర్లు తగ్గుతుంది. అది ఈ మూడు ఫ్లాట్లకే కాదు, మొదటి ఫ్లాటు నుంచి 54 ఫ్లాట్లకీ తగ్గించారు. 98,794 రూపాయలు. ఆ పైన సిమెంటు డెబిట్: లెక్క ప్రకారం పట్టాల్సిన దానికన్నా 410 బస్తాలు ఎక్కువ వాడానట, బస్తా 350 చొప్పున 1,43,500. రిటెన్షన్, టీడీఎస్ కూడా పోనిస్తే తేలింది మైనస్ 45,283.

నాకు కోపం వచ్చింది సిమెంటు మీద కాదు. ఆర్నెల్ల కింద సంతకాలు పెట్టి, డబ్బులిచ్చేసిన బిల్లుని మళ్ళీ ఎలా తెరుస్తారు?

మావాళ్ళు ఒకప్పుడు పని చేసిన ఇంటి యజమాని ఒకాయన ఆర్‌అండ్‌బీలో ఏఈగా రిటైర్ అయ్యారు. ఫైలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. కాఫీ ఇప్పించి, కాయితాలన్నీ చూసి, ఒక మాట అన్నారు. "ఇది లెక్క తేల్చి ఇచ్చిన డబ్బు కాదయ్యా. లెక్కలోకి ఇచ్చిన డబ్బు." రన్నింగ్ బిల్లు ఏదీ దానికదే విడి బిల్లు కాదట. ప్రతిదాంట్లోనూ మొదటి రోజు నుంచి ఇవాళ్టి వరకు మొత్తం పని రాస్తారు, అందులోంచి పోయిన బిల్లు దాకా రాసింది తీసేస్తారు, మిగిలింది ఈ నెల బిల్లు. కాబట్టి ఫైనల్ బిల్లు అయ్యేదాకా వెనకది ఎప్పుడైనా సరిదిద్దొచ్చు. నా మొదటి నాలుగు సర్టిఫికెట్లూ తీసి చూపించారు. నిజమే, మూడు నిలువు గళ్ళు ఉన్నాయి: ఇప్పటివరకు, గతం, ఈ బిల్లు. నేను ఎప్పుడూ మూడో గడి తప్ప చూడలేదు.

"అయితే తగ్గించినట్టే పెంచొచ్చు కూడా" అన్నారు. "తగ్గించడానికి వాళ్ళకి ఎక్సెల్ షీటు ఉంది. పెంచడానికి నీ దగ్గర ఏముంది?"

ఆయన ఉద్యోగంలో ఉన్నప్పటి సంగతులు చాలాసేపు చెప్పారు. గవర్నమెంటు పనుల్లో ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలకి నంబర్లుంటాయి, కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం ఉండాలి, ఏఈ రాసింది డీఈఈ వచ్చి కొన్నిచోట్ల మళ్ళీ కొలిచి చూడాలి. పునాది, ఇనుము లాంటివి కప్పెయ్యక ముందే కొలత పడాలి. ప్లాస్టరింగ్ కూడా అంతే కదా, పుట్టీ, పెయింటు ఎక్కాక మందం ఎంతో ఎవడికి తెలుసు? ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంటికొచ్చి మంచం కింద ప్లాస్టిక్ కవరు తీశాం. సిమెంటు తెచ్చుకున్న ప్రతిసారీ స్టోర్‌లో ఇచ్చిన గులాబీ రంగు స్లిప్పులు మా ఆవిడ పారెయ్యకుండా ఉంచింది. నేను తెచ్చి జేబులోంచి బల్ల మీద పడేస్తే ఆవిడే దాచింది. రాత్రి రెండింటి దాకా ఆవిడ చదువుతుంటే నేను రాసుకున్నాను. స్టోర్ వాళ్ళ లెక్కకీ మా స్లిప్పులకీ 230 బస్తాలు తేడా. మర్నాడు స్టోర్ రిజిస్టర్ చూపించమని పట్టుబడితే తెలిసింది, బాత్‌రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ చేసే గ్యాంగు కొన్నాళ్ళు నా ఖాతాలో రాయించి తీసుకెళ్ళింది. నేను సంతకం పెట్టని ఇండెంట్లు, అంటే సరుకు కోసం స్టోర్‌కి రాసే చీటీలు, అవి. స్టోర్‌కీపర్ మంచివాడే, బిజీలో చూసుకోలేదు అన్నాడు.

మిగిలిన 180 బస్తాలు నిజంగా మేమే వాడాం. బీములు గోడ లైనుకి బయటికి పొడుచుకొచ్చాయి, బ్లాక్ గోడలు కొన్ని తూకం తప్పాయి. 12 మిల్లీమీటర్లు కొట్టాల్సిన చోట 20, ఒకచోట 25 దాకా పోయింది. తూకం గుండు వేసి సైట్ ఇంజనీరుకి చూపించాను. "కొట్టెయ్ మేస్త్రీ, తర్వాత చూద్దాం" అన్నాడు. రెండు పొరల్లో కొట్టాం, కూలి కూడా ఎక్కువే అయింది. నా దగ్గర దానికి కాయితం లేదు, ఫోటో కూడా లేదు, ఇంజనీరు చెన్నై ప్రాజెక్టుకి మారిపోయాడు. ఫోన్ చేస్తే "గుర్తు లేదు" అన్నాడు. 180 బస్తాలు, 63,000, నా మీదే పడింది. మందం ఎక్కువైనందుకు అదనపు రేటు మాట దేవుడెరుగు.

ఒక ఉత్తరం రాశాం. ఏఈ గారు ఇంగ్లీషులో రాసిచ్చారు, ఒకటే పేజీ. ఐఎస్ 1200 పన్నెండో భాగంలో ఆ ముక్క, వర్క్ ఆర్డర్ తొమ్మిదో పేజీ, ఇద్దరి సంతకాలున్న కొలతల పుస్తకం ఫోటోలు, సిమెంటు స్లిప్పుల పట్టిక. తిట్టు ఒక్కటి కూడా లేదు. నేను రెండు లైన్లు కలుపుదామంటే ఆయన ఒప్పుకోలేదు.

వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. మార్చి రెండో వారంలో మాత్రం అకౌంట్స్ నుంచి వాళ్ళే ఫోన్ చేశారు. ఎప్పుడూ నేను చెయ్యడమే గానీ వాళ్ళు చెయ్యడం అదే మొదలు. మీకు ఉద్యమ్ ఉందా అని అడిగి, మెయిల్‌లో ఒక ఫార్మాట్ పంపారు. మేము ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థ) కాదు అని లెటర్‌హెడ్ మీద రాసివ్వాలట. బిల్లు తొందరగా అవుతుందంటే సంతకం పెట్టేవాణ్నే. ఆడిటర్ ఫోన్‌లోనే అరిచాడు.

సంగతి ఏమిటంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మాలాంటి చిన్నవాళ్ళకి ఒప్పందం రాసుకుంటే అందులో ఉన్న గడువులో, అది కూడా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతలు వడ్డీ, నెల నెలా చక్రవడ్డీ. ఇది ఎప్పటి నుంచో ఉంది, ఎవరూ లెక్కచెయ్యలేదు. కొత్తగా ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 43బి(హెచ్) అని ఒకటి 2023–24 సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. గడువు దాటి బాకీ ఉంచితే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు, ఎప్పుడు కడితే ఆ ఏడాదే. అంటే మార్చి 31 లోపు నాలాంటి వాళ్ళకి కట్టకపోతే కంపెనీకి పన్ను పెరుగుతుంది. అందుకే ఆ ఫోన్. ఇంకొకటి కూడా ఆడిటర్ వాళ్ళకి గుర్తు చేశాడు: ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో నాకు డబ్బివ్వకపోతే దాని మీద వాళ్ళు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టాలి.

మెటీరియల్, పని రెండూ కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకి ఎంఎస్ఎంఈ చట్టం వర్తించదని ఢిల్లీ, బాంబే హైకోర్టుల తీర్పులు ఉన్నాయట. నాది వట్టి లేబర్ కాంట్రాక్టు, మెటీరియల్ వాళ్ళదే కాబట్టి ఆ చిక్కు తక్కువ అన్నాడు ఆడిటర్. నిజం చెప్పాలంటే ఇలాంటి బాకీల తగువులు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. వెళితే డబ్బు వస్తుందేమో. మేస్త్రీ కేసు వేశాడన్న పేరు కూడా వస్తుంది, నార్సింగి నుంచి కోకాపేట దాకా. ఆ పేరుతో రెండో వర్క్ ఆర్డర్ ఎవడిస్తాడు?

ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేసి, ఆ ఉత్తరాన్నే మళ్ళీ పంపాం. నాలుగు రోజులకి ఆడిట్ టీములో ఒకాయన సైట్‌కి వచ్చాడు. మా బిల్లింగ్ కుర్రాడు కొలతల పుస్తకం తీసి ఆయన ముందు పెట్టి, "సార్, ఇది ఐఎస్ ప్రకారమే రాశాం, సంతకం నాదే" అన్నాడు. ఆ మాట వాడు అనకపోయినా వాడి జీతానికి ఢోకా లేదు. ఆరో బిల్లులో 98,794 తిరిగి వచ్చింది, 230 బస్తాల సిమెంటు 80,500 వచ్చింది. మార్చి 30న, శనివారం, డబ్బు బ్యాంకులో పడింది. మా పెదనాన్న మనవడికి ఖాతాలో ఉన్నదంతా ఒకేసారి ఇచ్చాను. వాడు లెక్కపెట్టుకోలేదు, నాకు అదో గిల్టీ.

మా ఊరబ్బాయి ఒకడు ఇంగ్లండ్‌లో క్వాంటిటీ సర్వేయర్, అంటే కట్టడాల కొలతలు, బిల్లులు చూసే పని. వాడికి ఈ కథంతా చెబితే ఒకటే అడిగాడు: "క్లయింట్, అంటే కంపెనీకి పని ఇచ్చినవాడు, ఇస్తేనే మీకిస్తాం అన్న క్లాజు కూడా ఉందా?" ఉంది. "క్లయింట్ నుంచి సొమ్ము అందిన మీదట 30 రోజుల్లో" అని. అక్కడ 1996 చట్టంతో అలాంటి షరతుకి విలువ లేకుండా చేశారట, పైవాడు దివాలా తీస్తే తప్ప. ఇక్కడ మాకు ఆ లైను లేని వర్క్ ఆర్డర్ నేనింతవరకు చూడలేదు.

మేలో ఓట్లకి మనుషులంతా ఊరెళ్ళి రావడంతో మళ్ళీ పది రోజులు పోయాయి. ఆగస్టులో పని ముగిసింది. 84 ఫ్లాట్లు, 32,340 చదరపు మీటర్లు, 71,14,800. ఫైనల్ బిల్లుకి ఇంకా రెండు నెలలు. చెక్కు రెడీ అన్నాక ఒక కాయితం ముందు పెట్టారు, నో డ్యూ సర్టిఫికెట్. ఈ పని కింద నాకు కంపెనీ నుంచి రావాల్సింది ఏమీ లేదు అని. రిటెన్షన్ మొత్తం 3,55,740లో సగం ఇంకా ఇవ్వనే లేదు, మిగతా సగం ఏడాది తర్వాత. అదంతా తర్వాత చూసుకుంటాం, ఇది ఫార్మాలిటీ అన్నాడు అకౌంట్స్ ఆయన. ఫార్మాలిటీయే కదా సార్ అని పెన్ను తీసి, సంతకం పైన తెలుగులోనే రాశాను: "రిటెన్షన్ 3,55,740 మినహాయించి." ఆయన మొహం చిట్లించాడు. ఇంకో కాపీ ప్రింట్ తీసి ఇస్తానన్నాడు. దాని మీదా అదే రాస్తాను సార్ అన్నాను. చెక్కు ఇచ్చాడు.

మొదటి సగం, 1,77,870, 2025 జనవరిలో వచ్చింది. రెండో సగానికి గడువు ఆగస్టుతో అయిపోయింది. మధ్యలో బీమూ గోడా కలిసే చోట కొన్ని ఫ్లాట్లలో పగుళ్ళు వచ్చాయని పిలిస్తే ఇద్దర్ని ఆరు రోజులు పంపి సరిచేయించాను, చేసిన ఫ్లాటు ఫ్లాటుకీ సంతకం తీసుకున్నాను. అయినా ఒక ఫ్లాటు వేరేవాళ్ళతో చేయించామని 22,000 కోశారు. ఆ ఒక్కదానికి నా దగ్గర సంతకం లేదు, నోరు మూసుకున్నాను.

నేను సెప్టెంబరులో వెళ్ళేసరికి ఆ సైట్ ఆఫీసు ఉన్న చోట పిల్లల పార్కు ఉంది. హెడ్డాఫీసులో కొత్తమ్మాయి. ఫైలు తీసి, "మీరు నో డ్యూ ఇచ్చేశారు కదండీ" అంది. కాయితం ఇంకోసారి చూడమ్మా, సంతకం పైన చదువు అన్నాను. చదివింది. ఇది మీరే రాశారా అని అడిగింది. నవంబరు మొదటి వారంలో 1,55,870 వచ్చింది.